ఒక్కసారి పడితే గాలి

ఈమధ్య మా పక్కవాటాలో ఉండే అమ్మాయి వచ్చి కూర్చుంది. బియ్యే పాసైంది. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. "పెద్దమ్మా, ఎక్కువ తిరగకుండా ఒకచోట కూర్చుని చేసుకునే ఉద్యోగం ఏదన్నా చెప్పవూ? కాస్త బాధ్యతగా, గౌరవంగా ఉండేది" అంది. నేను నోరు తెరిచేలోపే వాళ్ళమ్మ అందుకుని, "మీ పెద్దమ్మకేం, ఫోనాఫీసులో హాయిగా కబుర్లు వింటూ సర్వీసంతా లాగించేసింది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పొరుగువాళ్ళతో పోట్లాట ఎందుకని అప్పటికి ఊరుకున్నాను. ఆ పిల్లకు చెప్పాలనుకున్నదే ఇప్పుడు రాస్తున్నాను. అలాంటి పిల్లలు ఇంకెవరైనా ఉంటే వాళ్ళూ చదువుతారు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నేను కూర్చునే సంపాదించాను, కూర్చునే తమ్ముళ్ళను చదివించాను. కాబట్టి కుర్చీని ఎవరైనా చులకన చేస్తే నాకు పడదు. అలాగని కుర్చీ ఉద్యోగమంటే పూలపాన్పు అనుకునేవాళ్ళన్నా నాకు పడదు.

మాది చీరాల. ఇంట్లో గుంటమగ్గం. చిన్నతనంలో కీళ్ళజ్వరం వచ్చి, పోతూ పోతూ నా గుండెను పాడుచేసి పోయింది. గుంటూరు పెద్దాసుపత్రి డాక్టరు నాన్నను కూర్చోబెట్టి, "ఈ పిల్ల మగ్గం తొక్కకూడదు, బరువులు మొయ్యకూడదు, మెట్లెక్కకూడదు, భయపడకూడదు" అని చెప్పాడు. మొదటి మూడూ మన చేతిలో ఉన్నాయి. నాలుగోది ఎవరి చేతిలో ఉందో ఆయన చెప్పలేదు. ఇంటికొచ్చాక అమ్మ నాకు కండెలు చుట్టే పని అప్పగించింది. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. ఎస్సెల్సీ పాసయ్యాక నాన్న రోజూ సాయంత్రం పేపరు తెచ్చి నా ముందు పడేసేవాడు. "చూడమ్మా, కూర్చునేది ఏదన్నా ఉందేమో" అనేవాడు.

ఏవీ? టీచరంటే రోజంతా నిలబడి అరవాలి. నర్సంటే చెప్పనే అక్కర్లేదు. గ్రామసేవిక పనికి సైకిలెక్కి ఊళ్ళు తిరగాలి. మిరపకాయల తొడిమలు తీసే పని కూర్చునే చేస్తారు, కానీ ఆ ఘాటుకు గట్టివాళ్ళే దగ్గి దగ్గి చస్తారు. టైపు నేర్చుకుందామని ఇన్‌స్టిట్యూట్‌కి వెళితే, ఆ రోజుల్లో మిషను మీటలు రోకలిపోటు వేసినట్టు కొడితేగానీ అచ్చు పడేది కాదు. అప్పుడు పడింది పేపర్లో టెలిఫోన్ ఆపరేటర్ల ప్రకటన.

మెడికల్ పరీక్షలో డాక్టరు, "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?" అని అడిగాడు. "ఎక్కనండీ" అన్నాను. ఆయన నవ్వి, కూర్చుని చేసే పనికి తగును అని రాసిచ్చాడు. తీరా చేరే రోజున చూస్తే ఎక్స్ఛేంజి మేడ మీద ఉంది! మధ్యలో రెండుచోట్ల ఆగి, కొంగు సర్దుకుంటున్నట్టు నటించి ఎక్కేదాన్ని. సర్వీసంతా ఆ నటన సాగింది.

ఇది అరవయ్యో దశకం మొదట్లో మాట. గుంటూరుకు దక్షిణాన, పత్తి మిల్లులూ మిరపకాయల కొట్లూ ఉన్న ఒక చిన్న పట్నం. ఇప్పటి ఫోన్ల లాంటివి కావు అప్పటివి. ఇంట్లోవాళ్ళు ఫోను పక్కన పిడి తిప్పితే మా బోర్డు మీద వాళ్ళ నంబరు దగ్గర చిన్న ఇత్తడి రేకు టప్పున కిందికి పడేది. నేను అక్కడ తీగ గుచ్చి "నంబర్ ప్లీజ్" అనాలి. వాళ్ళడిగిన నంబరు దగ్గర రెండో తీగ గుచ్చి మాట కలపాలి. పగలంతా చెవులకు తొడుగు, రెండు చేతుల నిండా తీగలు. చేసేది కూర్చునే, కానీ ఊరి ప్రాణం మన చేతిలో ఉంటుంది. పురుడు పోసే డాక్టరమ్మకు కలపడం ఒక్క నిమిషం ఆలస్యమైతే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా నోట్లో నువ్వుగింజ నానాలి. ఎవరి సంబంధం తప్పిపోయిందో, ఎవరు ఎవరిని తిడుతున్నారో విని కూడా విననట్టు ఇంటికెళ్ళాలి.

మా సూపర్వైజరు గారు పెద్దమనిషే. కాకపోతే పై ఆఫీసన్నా, మెడికల్ బోర్డన్నా ఆయనకు వణుకు. నేను చేరినరోజే ఒక పాఠం చెప్పాడు. "చూడమ్మాయ్, ఎండాకాలం వడగాలికి స్తంభాల మీద తీగలు ఊగి ఒకదానికొకటి తగుల్తాయి. రేకులు వాటంతటవే పడతాయి. ప్రతి రేక్కీ పలికావంటే నీ పని అయిపోయినట్టే. ఒక్కసారి పడితే గాలి. రెండోసారి పడితే మనిషి. గుర్తుంచుకో."

నాకు నవ్వొచ్చింది. మా నాయనమ్మా అదే చెప్పేది. మిట్టమధ్యాహ్నం వీధిలోంచి ఎవరైనా పేరుపెట్టి ఒక్కసారి పిలిస్తే పలకొద్దే, రెండోసారి పిలిస్తేనే పలుకు అనేది. దయ్యం ఒక్కసారే పిలుస్తుందట. పలికితే మన ప్రాణం ఆ పిలుపు వెంట పోతుందట. ఆఫీసు వాళ్ళకు గాలి, నాయనమ్మకు దయ్యం, ఎవరి భయం వాళ్ళది. మొత్తానికి ఆ బోర్డు ముందు కూర్చునే వాళ్ళెవరూ మొదటి రేక్కి పలికేవాళ్ళు కాదు.

ఊరి చివర ప్రత్తిపాడు రోడ్డు మీద పత్తిలోంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు ఒకటి ఉండేది. అన్నదమ్ములిద్దరూ వాటాల దగ్గర తగువు పడి కోర్టుకెక్కారు, మిల్లు మూతపడింది. లోపల దూది బేళ్ళున్నాయి కనుక నిప్పు భయం. అందుకని ఒక ముసలి కాపలాదారును ఉంచి, ఫోను అలాగే ఉండనిచ్చారు. రోజూ మధ్యాహ్నం అతను ఫోను చేసి అంతా క్షేమమని చెప్పాలి. అన్నగారు భోంచేసి పడుకునే వేళ అది. "నాకు కలపొద్దండీ, మీరే విని ఊరుకోండి. అగ్గి అంటుకుంటే లేపండి చాలు" అని మా సూపర్వైజరు గారితో ఒప్పందం చేసుకున్నాడు. పగటి డ్యూటీ నాది. ఆ ముసలాయన నా పాలపడ్డాడు.

ఆయన దూదేకుల సాయిబు. నేను మనిషిని చూడలేదు. గొంతు మాత్రం బొంగురుగా, నెమ్మదిగా ఉండేది. రెండుసార్లు పిడి తిప్పేవాడు. మా ఆచారం ఆయనకెవరో చెప్పినట్టున్నారు.

"అంతా బాగుండాది తల్లీ. పిట్టన్నా లోనికి రాలా. నువ్వు అన్నం తిన్నావా?"

"తిన్నాను తాతా. నువ్వో?"

"తినాలి. ఉంటా మరి."

ఫోను పెట్టేసేటప్పుడు మనవాళ్ళంతా అనే మాటే, "ఉంటా." పోతానంటే అపశకునమని వీధిలో వెళ్ళొస్తామంటాం, ఫోన్లో ఉంటామంటాం. ఆ మాట వినగానే నా చెయ్యి దానంతటదే తీగ లాగేసేది.

ఒకరోజు ఆయన మాట్లాడుతుండగా వెనకాల ఒక చప్పుడు వినిపించింది. టుంయ్. ఒక్కసారే. చీరాలలో మా వీధిలోకి దూదేకేవాళ్ళు వచ్చేవాళ్ళు, ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. దూది ఏకే విల్లు నారి మీటితే అలా మోగుతుంది.

"తాతా, అక్కడ దూది ఏకుతున్నారా ఎవరైనా?" అన్నాను.

లైను తెగిందేమోననుకున్నాను.

"నీక్కూడా ఇనబడిందా?" అన్నాడు. గొంతు పూర్తిగా తగ్గిపోయింది.

"ఎవరు తాతా?" అన్నాను.

"ఇక్కడ నేనొక్కణ్ణే తల్లీ. మా ఆడమనిషి ఇల్లు ఈ మిల్లే. మిల్లు రాకముందు ఊళ్ళంబడి తిరిగి పరుపులకి దూది ఏకేవాళ్ళం. నాకంటే దాని చెయ్యే మంచిది. మిల్లొచ్చి ఆ బతుకు పోయినాక ఇద్దరం ఇందులోనే కూలికి చేరాం. ఇక్కడే పోయింది. విల్లు జిన్ను గదిలో కొక్కేనికి తగిలించి ఉంచా."

"మరి మీటింది ఎవరు?"

"అన్నం యాళైంది. ఉంటా తల్లీ" అన్నాడు.

తీగ లాగేసి సూపర్వైజరు గారికి చెబితే, "గాలికి స్తంభాల తీగలు మోగుతాయమ్మాయ్. కొత్తలో నాకూ వీణ వినబడేది" అని తేల్చేశాడు. నిజమే అయి ఉంటుందనుకున్నాను. ఆ తరవాత అప్పుడప్పుడూ ఆ చప్పుడు వినిపించినా నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

వేసవి ముదిరింది. కేసులో ఏదో ఉత్తర్వు వచ్చిందట, మిల్లుకు కోర్టువాళ్ళు సీలు వేస్తారని తెలిసింది. ఆ ఉదయం, వేళ కాని వేళ మిల్లు రేకు పడింది. మళ్ళీ పడింది. తాతే.

"సీలెయ్యడానికి కోర్టు ఆమీను వస్తన్నాడంట తల్లీ. నన్ను పొమ్మన్నారు. వాడరేవులో నా కూతురుండాది, దాని కాడికి పొమ్మంటన్నారు."

"మంచిదే కదా తాతా. ఎంతకాలమని ఒంటరిగా ఉంటావు? కూతురు దగ్గర సుఖంగా ఉండొచ్చు."

"సముద్రం కాడ నాకేం పని?" అన్నాడు. ఆ వెంటనే, "నేనుంటా తల్లీ" అన్నాడు.

"మంచిది తాతా, ఒంట్లో జాగ్రత్త" అని తీగ లాగేశాను. మిరపకాయల కొట్ల సీజను. అరడజను రేకులు పడి ఉన్నాయి, ఒక్కొక్కరూ ఉరిమి చూస్తున్నట్టు పిడి తిప్పుతున్నారు. మనసులో మాత్రం ముసలాయనకు ఒక దారి దొరికిందని సంతోషపడ్డాను.

ఆ రోజే సీలు వేశారు. తాళంచెవుల గుత్తి ఆమీను చేతిలో పెట్టి, చేతికర్రా మూటా పట్టుకుని ముసలాయన బస్సుల వైపు నడవడం అందరూ చూశారు.

మర్నాడు మధ్యాహ్నం మిల్లు రేకు పడింది.

ఒక్కసారే. నేను కదల్లేదు. గాలి అనుకున్నాను. కానీ కిటికీలోంచి చూస్తే ఎదురుగా వేపచెట్టు ఆకు కదలడం లేదు. ఊరంతా ఉడికిపోతోంది, గాలి ఊసే లేదు. బోర్డు మీద ఇంకొక్క రేకు కూడా పడలేదు. మిల్లుదొక్కటే, తెరిచిన నోరులా వేలాడుతోంది. వేలితో పైకి నెట్టి మూసేశాను. రెండోసారి పడలేదు.

ఆ తర్వాతి రోజూ అంతే. అదే వేళకు. ఒక్కసారి.

ఈసారి ఆఫీసు ఆచారమూ నాయనమ్మ మాటా రెండూ పక్కన పెట్టి తీగ గుచ్చాను. "హలో" అన్నాను. ఖాళీ గదిలో చెవి పెట్టినట్టు ఉంది. ఊపిరి చప్పుడు కూడా లేదు. "తాతా?" అన్నాను. అప్పుడు, మరీ దగ్గరగా, నా చెవి పక్కనే అన్నంత దగ్గరగా, టుంయ్ మంది.

చెవుల తొడుగు పీకి పారేశాను. గుండె ఎలా కొట్టుకుంటోందంటే రవికె మీద చెయ్యి పెట్టుకుంటే చెయ్యి ఎగురుతోంది. డాక్టరు భయపడకూడదన్నాడే, ఇప్పుడేం చెయ్యనురా దేవుడా అనుకున్నాను.

సూపర్వైజరు గారు వచ్చి తొడుగు చెవికి ఆన్చుకుని విన్నాడు. "ఏమీ లేదు, తీగల హోరు" అన్నాడు. నా మొహం చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మాయ్, నా కూతురి లాంటిదానివి కాబట్టి చెబుతున్నా. నీకింకా ప్రొబేషను పూర్తికాలేదు. నీ ఫిట్‌నెస్ కాగితం ఎలా వచ్చిందో నాకు తెలుసు. సీలు వేసిన మిల్లులోంచి ఫోనొస్తోంది, లోపల చప్పుళ్ళు వినిపిస్తున్నాయి అని నువ్వు అన్నావనుకో, పైవాళ్ళు మిల్లుని చూడరు, నిన్ను చూస్తారు. మెడికల్ బోర్డుకి పంపుతారు. గుండెతో పాటు బుర్ర కూడా చూస్తారు. తరవాత నీకు కూర్చునే ఉద్యోగం కాదు కదా, పడుకునే ఉద్యోగం కూడా ఎవడూ ఇవ్వడు."

ఆయన అన్నది అక్షరాలా నిజం. ఆ జీతం మీద ఇంటిల్లిపాదీ బతుకుతున్నాం. నోరు మూసుకుని బోర్డు ముందుకు తిరిగాను.

కాసేపటికి చీరాల నుంచి ట్రంకుకాల్ వచ్చింది. ఒక ఆడమనిషి గొంతు, ఫోను ఎప్పుడూ పట్టనివాళ్ళ గొంతు, అరుస్తోంది. "అయ్యా, మాది వాడరేవండీ! మా నాయన మిల్లులో కాపలా ఉండేవోడు, ఇంకా రాలేదండీ! మిల్లోళ్ళకి కలపండయ్యా!"

అన్నగారికి కలిపాను. వినకూడదు. విన్నాను. "మీ నాయన ఎప్పుడో బస్సెక్కాడమ్మా. దారిలో చుట్టాలింటికేమన్నా పోయాడేమో" అన్నాడాయన. "మాకు దారిలో చుట్టాలెవరూ లేరయ్యా" అని ఆమె ఏడుస్తుండగా టైమైపోయి లైను తెగింది.

సీలు వేసిన రోజు ఉదయం ఆయన అన్న మాట అప్పుడు నిజంగా వినిపించింది. ఫోను పెట్టేసేటప్పుడు "ఉంటా" అంటాం. "ఉంటా మరి" అంటాం. "నేనుంటా" అని ఎవరైనా అంటారా? ఎవరూ అనరు. ఆయన సెలవు తీసుకోలేదు. వెళ్ళనని చెప్పాడు. ఎవరికీ చెప్పని మాట ఒక్క నాకే చెప్పాడు, నేను జాగ్రత్త తాతా అని తీగ పీకేశాను!

వెంటనే అన్నగారికి ఫోను చేశాను. "ముసలాయన లోపలే ఉండిపోయాడని నాకు అనుమానమండీ. ఒక్కసారి తలుపు తీయించండి" అన్నాను.

"సీలు కోర్టుదమ్మా. నేను ముట్టుకుంటే బేళ్ళు నేనే కాజేశానని మా తమ్ముడు ఎగురుతాడు, కేసు పోతుంది. అయినా నీకెలా తెలుసు?"

ఆ తీగ లాగేసి ఆమీనుకు చేశాను. ఆయన, "ఉత్తర్వు లేనిదే సీలు తియ్యను. అర్జీ పెట్టుకోమనండి" అన్నాడు. మనిషి పోతే అర్జీ ఎవడు పెడతాడయ్యా అనబోయి నాలుక కరుచుకున్నాను.

ఇక మిగిలింది మా లైన్‌మన్. ఆరడుగుల మనిషి, గట్టిగా మాట్లాడితే ఫోను అక్కర్లేకుండానే గుంటూరుకు వినబడేది. బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన లైను మీదికి వెళ్ళాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు ఇవ్వాలి. సీలు వేసిన మిల్లు తరపున ఫిర్యాదు ఎవరిస్తారు? "నేనిస్తాను, నా పేరు రాసుకోండి సార్" అన్నాను. సూపర్వైజరు గారు ఫిర్యాదుల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. "నీ ఉద్యోగం, నీ ఇష్టం" అన్నాడు. అని, రాసుకున్నాడు.

బాబాయ్ సైకిలు మీద వెళ్ళి మిల్లు గోడ పక్క స్తంభం ఎక్కి, చేతిఫోను తీగలకు తగిలించాడు.

"హలో బోర్డ్! ఇనపడతందా అమ్మాయ్?"

"వినబడుతోంది బాబాయ్."

"మిల్లు తీగ ఊడదీశా. ఇప్పుడేమన్నా చప్పుడుందా మీ యైపు?"

"లేదు."

"ఉండు, మిల్లు యైపు పెట్టుకుని ఇంటా."

లైను మూగబోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ ఆయన గొంతు వచ్చినప్పుడు గుర్తుపట్టలేకపోయాను. అంత పెద్ద గొంతు గుసగుసలాడుతోంది.

"అమ్మాయ్... ఎవరో నారి మీటారే లోపల."

నాకు భయమూ వేసింది, ఏడుపూ వచ్చింది. ఇంకో మనిషి కూడా విన్నాడు! పిచ్చిదాన్ని కాదు!

"బాబాయ్, పైనుంచి లోపలికి చూడు. ఏమన్నా కనిపిస్తుందేమో చూడు" అన్నాను.

"చూస్తన్నా... వెనకాల జిన్ను గది కిటికీ కింద ఓ చేతికర్ర పడుంది. మూటా ఉంది. ఓరి దేవుడో, కిటికీ రెక్క తీసుందే!" మళ్ళీ పాత గొంతు వచ్చేసింది. "సాయిబూ! ఓ సాయిబూ!" అని స్తంభం మీంచే కేక పెట్టాడు. కాసేపటికి, "మూలుగుతన్నాడే! మనిషి మూలుగుతన్నాడే!" అన్నాడు.

సూపర్వైజరు గారు నా చెవుల మీంచి తొడుగు లాక్కుని, "ఏయ్, సీలు ముట్టుకోకు! కోర్టు సీలు!" అని అరిచాడు.

"సీలు తలుపుకేశారు గానీ ఆకాశానికి ఎయ్యలేదుగా సార్!" అన్నాడు బాబాయ్. నిచ్చెన తెప్పించి గోడ దూకాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు. లేస్తే పడిపోతానని తెలుసు. కానీ నా ముందు ఊరంతా తీగలై ఉంది. డాక్టరుకు గుచ్చాను. ఆసుపత్రికి గుచ్చాను. మిరపకాయల కొట్లో లారీ ఉందని తెలుసు, వాళ్ళకూ గుచ్చాను. సూపర్వైజరు గారు పక్కన కూర్చుని మిగతా రేకులన్నిటికీ పలుకుతూ పోయాడు. మొదటిసారి పడ్డవాటికి కూడా.

ముసలాయన తనకొక్కడికే తెలిసిన వెనకదారిలో తిరిగొచ్చి, కిటికీలోంచి లోపలికి దిగబోయి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. జిన్ను గదిలో నేల మీద, నిప్పంటుకుంటే ఆర్పడానికని పెట్టిన నీళ్ళ తొట్టి పక్కన పడి ఉన్నాడు. ఇంకొక్క రోజైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

సాయంత్రం బాబాయ్ మేడెక్కి వచ్చి మంచినీళ్ళు తాగాడు. "ఒక్క మాట సార్" అన్నాడు. "ఫోను ఉంది ఆఫీసు గదిలో. ఆ గదికి ఏరే తాళం, ఏరే సీలు. లక్క చెక్కుచెదరలేదు. కిటికీ ఊచల్లోంచి చూశా, ఫోను మీద దుమ్ము కూడా అట్టాగే ఉంది. ముసలాయన పడింది జిన్ను గదిలో, పాకలేని మనిషి. మరి పిడి ఎవరు తిప్పినట్టు?"

"గాలి" అన్నాడు సూపర్వైజరు గారు.

"ఇయ్యాల గాలెక్కడుంది సార్?"

మా ఉద్యోగంలో జవాబు తెలియనివాటికి గాలి అని రాయడం ఆచారం. ఆ రోజూ అలాగే రాశారు. నన్ను మెడికల్ బోర్డుకు ఎవరూ పంపలేదు.

సెలవురోజు చూసుకుని గుంటూరు ఆసుపత్రికి వెళ్ళాను. మంచం మీద చిన్న మనిషి, ఎముకల గూడు. ఆ గొంతు ఇంత చిన్న మనిషిదా అనిపించింది. పక్కన కూతురు కళ్ళొత్తుకుంటోంది. "అమ్మా, ఫోనమ్మ మీరేనా? మీ మాటన్నా ఇంటాడేమో చూడండి. ముద్ద ముట్టడంలా. మా ఇంటికి రానంటన్నాడు. మళ్ళీ ఆ మిల్లులోనే పడెయ్యమంటన్నాడు. ఇట్టాగైతే బతకడని డాక్టరు చెప్పేశాడు" అంది. స్టూలు మీద గిన్నెలో అన్నం అలాగే ఉంది.

"తాతా, నేను" అన్నాను.

గొంతు గుర్తుపట్టి కళ్ళు తెరిచాడు. "నన్నెందుకు తీయించావు తల్లీ?" అన్నాడు. కోపంగా కాదు, బాధగా.

"నేను కాదు తాతా. మిల్లులోంచి ఫోనొచ్చింది."

"నేను చెయ్యలా."

"తెలుసు."

ఆయన కళ్ళు నా మొహం మీదే నిలిచాయి. చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏమన్నా అందా?" అని అడిగాడు.

విననిది చెప్పకూడదన్నది మా కుర్చీకి మొదటి నియమం. కానీ ఆ అన్నం గిన్నె, ఆ కూతురి మొహం చూస్తూ నియమాలు ఎవరికి గుర్తుంటాయి? "అంది తాతా" అన్నాను. "నువ్వు అక్కడ ఉండొద్దంది. బిడ్డ దగ్గరికి వెళ్ళమంది. నేను నా చెవులతో విన్నాను."

ఆయన నన్ను చూసి మెల్లగా నవ్వాడు. పళ్ళు లేని నోరు.

"అది పుట్టుమూగ తల్లీ" అన్నాడు.

నేను తల వంచుకున్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. "నోరు లేదు కదా, నన్ను పిలవాలంటే నారి మీటేది. ఒక్కసారే. పొద్దు నడినెత్తికొచ్చాక మీటిందంటే అన్నానికి రమ్మని. నేనెక్కడున్నా లేచొచ్చేవోణ్ణి."

ఆ తర్వాత కూతురి వైపు తల తిప్పాడు.

"అన్నం పెట్టవే" అన్నాడు.